పాత కచేరీ క్యాసెట్లను తోటి అభిమానులతో పంచుకోవడం ఎలా?

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ ప్రాంతాల తెలుగు ఇళ్ల అటకల మీద హరికథలు, పద్యనాటకాలు, పండుగ కచేరీలు నింపుకున్న క్యాసెట్లు ఇంకా దొరుకుతాయి. ఇవి ఏ కంపెనీయో అమ్మినవి కావు. వేదిక ముందు టేప్ రికార్డర్ పెట్టుకొని కూర్చున్న శ్రోతలు చేసుకున్నవి కాబట్టి, చాలావాటికి రెండో ప్రతి ఉండదు. అటువంటి వాటిని పదిమందికి చేర్చేటప్పుడు, శబ్దాన్ని సానబట్టడం కంటే ఉన్నది ఉన్నట్టుగా, వివరాలతో సహా అందించడమే ముఖ్యం.

ముందుగా క్యాసెట్ కిటికీలోంచి టేపు చుట్టను పరిశీలించాలి. సముద్రపు గాలి తగిలే బరంపురం వంటి ఊళ్లలో టేపు అంచున తెల్లని బూజు పట్టే అవకాశం ఎక్కువ. బూజు పట్టిన టేపును నడిపితే అది ప్లేయర్‌లో టేపును చదివే హెడ్‌కు అంటుకొని తరువాత పెట్టే క్యాసెట్లకు కూడా పాకుతుంది కనుక, దానిని తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలు వేసిన మూత డబ్బాలో ఆరబెట్టి, బూజును పొడిగుడ్డతో తీసిన తరువాతనే ప్లేయర్‌లో పెట్టాలి. శుభ్రంగా ఉన్న టేపునైనా ఒకసారి చివరివరకు తిప్పి, మళ్లీ వెనక్కి చుట్టిన తరువాత వినడం మంచిది.

ప్లేయర్ హెడ్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన దూది పుల్లతో తుడవాలి. తరువాత హరిదాసు చిడతల చప్పుడును శ్రద్ధగా వినాలి. అది మొద్దుబారి వినిపిస్తే, రికార్డు చేసిన యంత్రం హెడ్ వాలు, మన ప్లేయర్ హెడ్ వాలు ఒకటి కావేమోనని అనుమానించాలి. హెడ్ పక్కనున్న చిన్న స్క్రూను టేపు నడుస్తుండగా కొద్దికొద్దిగా తిప్పుతూ, చిడతలు గలగలమన్న చోట ఆపాలి. ఏ సాఫ్ట్‌వేరూ తరువాత తిరిగి తేలేని స్పష్టత ఈ ఒక్క పనితో వస్తుంది కనుక, ఇక్కడ ఎంత సమయం పట్టినా విసుగుపడకూడదు.

ప్లేయర్ లైన్ అవుట్ నుంచి యూఎస్‌బీ ఆడియో పరికరం ద్వారా కంప్యూటర్‌కు కలిపి, ఉచితంగా లభించే ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్‌లో 48,000 హెర్ట్జ్, 24 బిట్ల స్టీరియోలో ఎక్కించాలి. నిమిషానికి దాదాపు 17 ఎంబీ చొప్పున 90 నిమిషాల క్యాసెట్‌కు ఒకటిన్నర జీబీ అవుతుంది. ఫ్లాక్ (FLAC) అనే ఫైలు రూపంలో దాచితే నాణ్యత తగ్గకుండానే పరిమాణం తగ్గుతుంది. ఎంపీ3లో పోయిన భాగం మళ్లీ రాదు కాబట్టి దానిని ఫోనులో వినడానికి మాత్రమే వాడుకోవాలి.

చదివింపులను, "వన్స్ మోర్" కేకలను, పద్యానికి ముందు హార్మోనియం శ్రుతి చూసుకోవడాన్ని కత్తిరించవద్దు. తెలుగులోను ఒడియాలోను మైకులో చదివిన దాతల పేర్లు వినసొంపుగా ఉండకపోవచ్చు గాని, అట్ట మీద ఏమీ రాయని క్యాసెట్ ఏ ఊరిదో, ఏ ఉత్సవానిదో తేల్చే ఆధారం ఒక్కోసారి ఆ పేర్లే.

అమెరికాలో ఫంక్, రాక్ కచేరీల టేపులు ఇచ్చిపుచ్చుకునే అభిమానులకు ఒక మంచి అలవాటు ఉంది. ప్రతి రికార్డింగుతోపాటు తేదీ, వేదిక, కళాకారులు, రికార్డు చేసిన పరికరం, అది ఎన్ని చేతులు, ఎన్ని ప్రతులు మారి వచ్చిందన్న వరుస రాసిన చిన్న ఫైలును తప్పక జతచేస్తారు. మనమూ అలాగే చేయాలి. ఇక్కడ ఒడియా మాధ్యమంలో చదువుకొని, తెలుగు మాట్లాడినా చదవలేని తరం కూడా ఉన్నందున, ఆ వివరాలు రెండు లిపుల్లోను రాయాలి. తెలియని తేదీని ఊహించి రాయడం కంటే ఖాళీగా వదలడం నయం.

అనుమతి సంగతి తేలికగా తీసుకోకూడదు. తిరుపతి వేంకట కవులలో రెండవవారైన చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి 1950లో మరణించినందున, మరణానంతరం 60 ఏళ్లన్న లెక్క ప్రకారం జంటగా రాసిన వారి నాటక పద్యాల హక్కు 2010తో ముగిసింది. అయితే పద్యం స్వేచ్ఛగా దొరికినంతమాత్రాన పాడినవారి హక్కు పోదు. 1957 నాటి కాపీరైట్ చట్టంలో తరువాత చేర్చిన నిబంధనల ప్రకారం ప్రదర్శకుల హక్కు, ప్రదర్శన జరిగిన మరుసటి ఏడాది మొదలుకొని 50 ఏళ్లు ఉంటుంది. అంటే 1998లో పాడినదానికి 2048 చివరివరకు వర్తిస్తుంది. కాబట్టి నటుణ్ణిగాని, ఆయన కుటుంబాన్నిగాని అడిగి, వీలైతే రాతపూర్వకంగా సమ్మతి తీసుకోవాలి. వద్దంటే మానుకోవాలి. కంపెనీలు ఇప్పటికీ అమ్ముతున్న రికార్డింగులను కొనుక్కోవడమే న్యాయం.

పంపేటప్పుడు వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపితే ఫైలు మారకుండా 2 జీబీ వరకు చేరుతుంది. అంతకంటే పెద్దవాటికి, నెట్ సరిగా అందని ఊళ్లకు పెన్‌డ్రైవే మేలు. ఖాళీ పెన్‌డ్రైవ్ ధరకు మించి ఒక్క రూపాయి కూడా తీసుకోకూడదు. అసలు క్యాసెట్‌ను ఒక ప్రతితోపాటు యజమానికి తిరిగి ఇస్తూ, దానిని పారవేయవద్దని చెప్పాలి, ఎందుకంటే రేపు ఇంతకంటే మంచి ప్లేయర్ దొరికితే మళ్లీ ఎక్కించుకోవలసింది దానినుంచే.