పెన్సిలుతో బుల్లెట్ బండి బొమ్మ

మోటారు సైకిలు బొమ్మ నిజమైన బండిలా కనిపించాలంటే ముందు చక్రాల కొలత కుదరాలి, ఆ తరువాత లోహం మీది వెలుగునీడల అంచులు పదునుగా ఉండాలి. ఈ రెండూ కుదిరితే నట్లు, బోల్టులు కొన్ని వదిలేసినా లోటు తెలియదు. సాధనకు పాత రాయల్ ఎన్‌ఫీల్డ్ బుల్లెట్ 350 చాలా అనువైనది, ఎందుకంటే దాని ఇంజను, గొట్టాలు ఏ మూత చాటునా దాగి ఉండవు.

కుడి పక్క నుంచి తీసిన ఫొటోను ఎంచుకోండి. ఫోనును దగ్గరగా పెట్టి తీస్తే ఏదో ఒక చక్రం ఉబ్బినట్లు వస్తుంది కనుక, దూరంగా నిలబడి, చక్రం ఇరుసు ఎత్తున పట్టుకుని, జూమ్ చేసి తీయాలి. ఈ బండి చక్రాలు రెండూ 19 అంగుళాలవే. టైరుతో కలిపి వ్యాసం సుమారు 65 సెంటీమీటర్లు, ఇరుసుల మధ్య దూరం సుమారు 137. అంటే ఎ3 కాగితం (రెండు ఎ4 కాగితాలంత) మీద 12 సెంటీమీటర్ల చక్రాలు గీస్తే ఇరుసుల మధ్య 25 సెంటీమీటర్లకు కాస్త ఎక్కువ ఉండాలి. రెండు టైర్ల నడుమ మరో చక్రం పట్టి, కొంచెం చోటు మిగిలితే కొలత సరిపోయినట్లే. ఈ చట్రాన్నంతా లేత గీత పడే గట్టి 2హెచ్ పెన్సిలుతో నొక్కకుండా గీయాలి.

స్పోకులు హబ్ (చక్రం నడిమి దిమ్మ) కేంద్రం నుంచి తిన్నగా బయలుదేరవు. హబ్ అంచు నుంచి ఏటవాలుగా వెళ్లి ఒకదానినొకటి దాటుకుంటూ రిమ్మును చేరతాయి. సిరా అయిపోయిన బాల్‌పెన్నుతో ఆ గీతలను నొక్కి గీసి, మొన అరిగిన మెత్తని 2బి పెన్సిలును పడుకోబెట్టి పైన రుద్దితే, నొక్కిన చోట గ్రాఫైట్ అంటక స్పోకులు తెల్లగా నిలుస్తాయి. ఇంజను సిలిండర్ చుట్టూ ఉన్న ఫిన్స్ (వేడిని చల్లార్చే పలుచని రేకులు) విషయంలో రేకుల మధ్య చీకటిని గీస్తే చాలు, రేకులు వాటంతట అవే తేలతాయి.

అసలు పరీక్ష సైలెన్సర్ దగ్గర ఎదురవుతుంది. క్రోమియం పూతకు సొంత ఛాయ ఉండదు, ఎదురుగా ఉన్నదే అందులో కనిపిస్తుంది. ఆరుబయట నిలిపిన బండి గొట్టం పైభాగంలో ఆకాశం పడుతుంది కనుక అక్కడ కాగితాన్ని దాదాపు తెల్లగా వదలాలి. దూరపు చెట్లు, గోడలు కలిసి మధ్యలో నల్లని పట్టీగా సాగుతాయి, అక్కడ బాగా నల్లగా పడే 6బి పెన్సిలును గట్టిగా వేయాలి. కింద నేల లేత బూడిద రంగులో పరుచుకుంటుంది. ఈ పట్టీల అంచులను వేలితో పులిమితే లోహం కాస్తా ప్లాస్టిక్కులా మారిపోతుంది.

ట్యాంకు మీది బంగారు గీతలను చెన్నై కర్మాగారంలో చేత్తోనే వేసేవారు కాబట్టి, మీ గీత వెంట్రుకవాసి వణికినా అసలు బండికి అన్యాయం జరిగినట్లు కాదు. చివరగా, టైరు నేలను తాకే చోట వృత్తాన్ని కొంచెం చదును చేసి, ఆ అంచు కిందే నీడను అన్నిటికంటే నల్లగా వేసి, బయటికి పోయేకొద్దీ పలుచన చేయండి. లేకపోతే బండి గాలిలో వేలాడుతున్నట్లు కనిపిస్తుంది.