బేస్‌బాల్ మ్యాచ్‌లో బాల్, ఆటోగ్రాఫ్ కావాలంటే వెళ్లేముందు ఇవి చూస్కోండి

అమెరికాలో పిల్లల్ని ఎంఎల్‌బీ (అక్కడి పెద్ద బేస్‌బాల్ లీగ్) మ్యాచ్‌కి తీస్కెళ్లేవాళ్లు గేట్లు ఎప్పుడు తీస్తారో, ఎంత బ్యాగ్ రానిస్తారో ముందురోజే స్టేడియం సైట్‌లో చూస్కోండి, చాలాచోట్ల బ్యాక్‌ప్యాక్ ఒప్పుకోరు.

ఆటోగ్రాఫ్‌కి పెన్ను ముఖ్యం. బాల్ మీదకి నీలం బాల్‌పాయింట్ పెన్నే వాడాలి, షార్పీ మార్కర్ టోపీకి, కార్డుకి ఓకే గానీ బాల్ తోలు మీద ఇంకు పాకిపోద్ది, మా పాప బాల్ మీద సంతకం ఏడాదికల్లా ఊదారంగు మరకలా అయిపోయింది, ఎంత ఏడ్చిందో పాపం. కుట్లు రెండూ బాగా దగ్గరికొచ్చే చోటు ఉంటది చూడండి, దాన్నే స్వీట్ స్పాట్ అంటారు, అది పైకి కనపడేలా పట్టుకుని పెన్ను మూత తీసి అందించండి, ప్లేయర్లకి ఆగే టైమ్ ఉండదు.

గేటు తీయగానే లోపలికెళ్తే బ్యాటింగ్ ప్రాక్టీస్ దొరకొచ్చు, కొట్టిన బాల్ సీట్లలోకొచ్చి మనకి దొరికే ఛాన్స్ అప్పుడే ఎక్కువ. గ్లవ్ తప్పనిసరి. ఫౌల్ బాల్ (బ్యాట్‌కి తగిలి గీత బయటికి పోయే బాల్) గంటకి 100 మైళ్లు దాటి కూడా వస్తది కాబట్టి నెట్ లేని సీట్లలో పిల్లల్ని పక్కనే పెట్టుకోండి, ఫోన్ చూడొద్దు.

గేమ్ నడుస్తుంటే మైదానం గోడ అవతలికి చెయ్యి చాపకండి, ఆటలో ఉన్న బాల్‌కి అడ్డుపడితే బయటికి పంపించేయొచ్చు.