కారు రిపేరు బిల్లు ఎక్కడ పెరుగుతుంది, ఎలా ఆపాలి

మూడేళ్ల కిందట విశాఖ నుంచి శ్రీకాకుళం వస్తుంటే రణస్థలం దాటాక టెంపరేచర్ ముల్లు పైకి ఎక్కింది. ఏసీ కట్టేసి, ఇంకెంత, ఊరు వచ్చేసింది కదా అని లాగించేశాను. చిలకపాలెం దగ్గరికి వచ్చేసరికి బానెట్ సందుల్లోంచి ఆవిరి. మొదట పోయింది రేడియేటర్ గొట్టానికి ఉండే క్లిప్పు, పదుల రూపాయల వస్తువు. దాని సందులోంచి కూలెంట్, అంటే ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం, కారిపోయింది. ఆ చివరి పదిహేను కిలోమీటర్లు నేను నడపడం వల్ల హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ పై భాగానికీ, కింది భాగానికీ మధ్య ఉండే సీలు) కాలిపోయింది. కట్టింది 34 వేలు. అందుకే కింద రాసినవాటిలో సగం "ఏం చెయ్యాలి" కాదు, "ఏం చెయ్యకూడదు".

ముల్లు ఎరుపు దగ్గరికి వెళ్తోంది

ఎప్పుడు వేడెక్కుతోందో గమనిస్తే కారణం సగం దొరికినట్టే. ఏడు రోడ్ల జంక్షన్ ట్రాఫిక్‌లో వేడెక్కి, హైవే ఎక్కగానే దిగిపోతుంటే రేడియేటర్ ఫ్యాన్‌ని అనుమానించాలి. ముందు ఫ్యూజు, తర్వాత రిలే (ఫ్యాన్‌కి కరెంటు కలిపే స్విచ్చు), ఆ తర్వాతే మోటారు. ఈ వరస తప్పించి నేరుగా ఫ్యాన్ మోటారు మార్చేవాళ్లున్నారు. హైవే మీద స్పీడులో కూడా వేడెక్కుతుంటే కూలెంట్ తగ్గి ఉండాలి, లేదా థర్మోస్టాట్ (రేడియేటర్‌కి కూలెంట్ వదిలే వాల్వు) మూసుకుపోయి, రేడియేటర్ పూడుకుపోయి, వాటర్ పంపు అరిగి ఉండాలి. సైలెన్సర్ నుంచి తెల్లపొగ ఆగకుండా వస్తూ, కూలెంట్ డబ్బాలో బుడగలు, ఆయిల్ మూత లోపల పాలమీగడలాంటి జిడ్డు కనిపిస్తే అది గ్యాస్కెట్.

ముల్లు కదిలిన వెంటనే పక్కకు తీసి ఇంజిన్ ఆపండి. ఆపడానికి చోటు లేకపోతే ఏసీ కట్టేసి హీటర్ ఫుల్లుగా పెట్టండి. చెమటలు కక్కుతారు గానీ ఇంజిన్ వేడి కొంత లోపలికి లాగేస్తుంది. రేడియేటర్ మూత వేడిమీద తియ్యకండి, ముఖం కాలుతుంది. ముప్పావు గంటయినా చల్లారనివ్వాలి. జాతీయ రహదారి మీద ఆగిపోతే 1033కి ఫోన్ చెయ్యొచ్చు, క్రేన్ సాయం అడగొచ్చు.

ఇంకో మాట. మన తీరం వైపు బోరు నీళ్లు చాలాచోట్ల ఉప్పన. అవసరానికి ఒక బాటిల్ పోసినా ఊరు చేరాక మొత్తం తీయించి, కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ కలిపి నింపించండి. "నీళ్లే కదా బాబూ, ఏటవుద్ది" అనే మెకానిక్ మాట వింటే రెండేళ్లలో రేడియేటర్ లోపల సున్నం పేరుకుంటుంది.

నీళ్లలో ఆగిపోయింది

ఇది అన్నిటికన్నా ఖరీదైన తప్పు జరిగే చోటు. నాగావళి పొంగినప్పుడో, తుఫాను రాత్రో నీళ్లలో బండి ఆగిపోతే చెయ్యి తనంతట తానే తాళం మీదికి పోతుంది. సెల్ఫ్ కొట్టకండి. గాలి వెళ్లే దారిలో సిలిండర్‌లోకి నీళ్లు చేరి ఉంటే, పిస్టన్ వాటిని అణచలేదు, కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. ఇంజిన్ విప్పడం తప్ప మార్గం ఉండదు. ఇంట్లో పెట్టిన బండి మునిగినా అంతే. బ్యాటరీ వైరు తీసి, నీటి మట్టం కనిపించేలా ఫోటోలు తీసి, ఇన్సూరెన్స్ కంపెనీకి చెప్పి, బండి కట్టించుకుని గ్యారేజీకి పంపాలి.

2018 అక్టోబరులో తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు మన జిల్లాలో చెట్లకిందా నీళ్లలోనూ వాహనాలు దెబ్బతిన్నాయి. థర్డ్ పార్టీ పాలసీ (ఎదుటివాళ్ల నష్టానికే ఇచ్చేది) ఒక్కటే ఉంటే ఇలాంటివాటికి రూపాయి రాదు. మన బండి నష్టానికీ ఇచ్చే కాంప్రహెన్సివ్ పాలసీ ఉంటే తుఫాను నష్టం వర్తిస్తుంది. కానీ నీళ్లలో సెల్ఫ్ కొట్టి చెడగొట్టుకున్న ఇంజిన్‌ని మామూలుగా తిరస్కరిస్తారు, బంపర్ టు బంపర్ (పార్టుల అరుగుదల కొయ్యకుండా ఇచ్చే కవర్) ఉన్నా సరే. దానికి "ఇంజిన్ ప్రొటెక్ట్" అనే అదనపు కవర్ వేరే తీసుకోవాలి. దాని షరతులు కూడా రెన్యువల్ రోజునే చదవండి. తుఫాను ముందురోజు అడిగితే ఎవరూ ఇవ్వరు.

సెల్ఫ్ తీసుకోవట్లేదు

టకటకమంటే బ్యాటరీ బలం లేదు. అసలు చప్పుడే లేకపోతే ముందు బ్యాటరీ టెర్మినల్ (వైరు తగిలించే కొమ్ము) మీద తుప్పు చూడండి. భావనపాడు, కళింగపట్నం వైపు ఉప్పుగాలిలో ఇది మామూలే. వేడినీళ్లతో కడిగి, బిగించి, వాజలిన్ రాస్తే చాలాసార్లు పని అయిపోతుంది. కొత్త బ్యాటరీ కొనేముందు మీటరు పెట్టించండి. రాత్రంతా ఆగిన బండికి 12.6 వోల్టుల దరిదాపుల్లో ఉండాలి, ఇంజిన్ నడుస్తుంటే 13.8 నుంచి 14.4 దాకా. నడుస్తున్నప్పుడూ 12 దగ్గరే ఉంటే తప్పు బ్యాటరీని ఛార్జ్ చేసే డైనమోది. కొత్త బ్యాటరీ వేసినా రెండు రోజుల్లో చస్తుంది.

కోతల తర్వాత ఇంజిన్ లైటు వెలిగింది

ఎలుకలు. చేను కోసేశాక అవి వెచ్చదనం వెతుక్కుంటూ బానెట్‌లోకి వస్తాయి. వైరింగ్ మొత్తం మార్చాలంటే ఒప్పుకోకండి. తెగిన చోట టంకం వేసి స్లీవ్ తొడిగే ఎలక్ట్రీషియన్‌ని వెతకండి. మా పక్కింటాయన పొగాకు కాడలు పెడతాడు, పని చేస్తుందంటాడు. నాకు నమ్మకం లేదు.

చెప్పింది 8 వేలు, వేసింది 22 వేలు

ఇదీ ఒక రోగమే, దీనికీ కారణముంది. ఫోన్‌లో "ఇది కూడా పోయింది సార్" అనగానే మనం "సరే" అంటాం. జాబ్ కార్డు (బండి ఇచ్చేటప్పుడు గ్యారేజీ పనులు రాసే కాగితం) మీద ఒకే వాక్యం రాయించండి: అనుమతి లేకుండా అదనపు పని చెయ్యకూడదు. పాత పార్టులన్నీ గోనెసంచిలో వేసి ఇమ్మనండి. కొత్త పార్టు డబ్బాల మీద ఎం.ఆర్.పి. బిల్లుతో సరిచూడండి. 2025 సెప్టెంబరు 22 నుంచి విడిభాగాల మీద జీఎస్టీ 18 శాతమే, 28 వేస్తే అడగండి. మాట వినకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చెప్పొచ్చు. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో 5 లక్షల లోపు వివాదానికి ఫీజు లేదు, రెండేళ్లలోపు వెయ్యాలి.

ఇంతా చేసి బిల్లు న్యాయమైనదే అయి, చేతిలో డబ్బు లేకపోతే పని విడగొట్టించండి. బ్రేకులు, స్టీరింగు, టైర్లు, కూలెంట్ లీకు ఇప్పుడే. ముఖ్యంగా సాలూరు ఘాట్ ఎక్కేవాళ్లకి బ్రేకుల్లో వాయిదా లేదు. క్లచ్ జారుతుంటే కొద్ది రోజులు బరువెక్కించకుండా నెట్టుకురావచ్చు. ఏసీ, డోరు చప్పుడు, గీతలు పంట డబ్బులొచ్చేదాకా ఆగుతాయి. ఏసీకి మాత్రం ఏటా గ్యాస్ నింపించుకుంటున్నట్టయితే, ఈసారి నింపేముందు లీకు ఎక్కడో పట్టి చూపించమనండి.