4వ పాఠం: ఓటీపీ దగ్గర జారిపోయేవాళ్లు

గత పాఠంలో మన వెబ్‌సైట్ రిజిస్ట్రేషన్ ఫారాన్ని ఒక్క మొబైల్ నంబరు గడికి కుదించాం. పేరు, ఊరు, ఈమెయిలు లోపలికి వచ్చాక అడగొచ్చు. ఈసారి, నంబరు కొట్టాక ఏమవుతుందో చూద్దాం.

ముందు లెక్క. పేజీకి ఎంతమంది వచ్చారు, ఎందరు నంబరు ఇచ్చారు, ఎందరికి ఎస్సెమ్మెస్ చేరింది, ఎందరు ఓటీపీ కొట్టి లోపలికి వచ్చారు: ఈ నాలుగూ రోజూ రాసుకోండి. 1000 మంది వస్తే 120 మంది నంబరిచ్చి, 70 మందే లోపలికి వచ్చారనుకోండి. మిగిలిన 50 మందీ చేరదామనుకున్నవాళ్లే. బటన్ రంగు సంగతి తర్వాత, ముందు వీళ్లను దక్కించుకోవాలి.

నంబరు గడికి 10 అంకెల పరిమితి పెట్టకండి. కాంటాక్ట్స్ నుంచి +91తో, మధ్యలో ఖాళీతో పేస్ట్ చేస్తే చివరి అంకెలు తెగిపోయి, ‘నంబరు తప్పు’ అని వస్తుంది. ఎలా ఇచ్చినా తీసుకుని ఖాళీలు, గీతలు, +91, ముందున్న సున్నా మీరే తీసేయండి. ప్లస్ లేని 91ని మాత్రం మొత్తం 12 అంకెలుంటేనే తీయాలి, ఎందుకంటే 91తో మొదలయ్యే అసలు నంబర్లూ ఉన్నాయి. మిగిలిన పది అంకెల్లో మొదటిది 6 నుంచి 9 లోపు ఉందో లేదో చూస్తే చాలు.

ఓటీపీకి ఆరు చిన్న గళ్లు చూడ్డానికి బాగుంటాయి గానీ పేస్ట్ దగ్గర తరచూ మొరాయిస్తాయి. ఒకే గడి పెట్టండి. ఆ గడి హెచ్‌టీఎమ్ఎల్ కోడ్‌లో ఇన్‌పుట్‌మోడ్ (inputmode) న్యూమరిక్ (numeric) ఇస్తే అంకెల కీబోర్డు వస్తుంది. అక్కడే ఆటోకంప్లీట్‌ (autocomplete)లో వన్-టైమ్-కోడ్ (one-time-code) అని రాస్తే ఐఫోన్‌లో ఓటీపీ కీబోర్డు మీదే కనిపిస్తుంది. కోడ్‌ను సంఖ్యగా మార్చి సరిపోల్చొద్దు, 048213లో ముందున్న సున్నా ఎగిరిపోతుంది.

అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసేది ‘మళ్లీ పంపు’ బటన్. మొదటి ఎస్సెమ్మెస్ ఆలస్యమైంది, యూజర్ బటన్ నొక్కాడు, సర్వర్ కొత్త కోడ్ తయారుచేసి పాతదాన్ని రద్దు చేసింది. అప్పుడు పాతది వచ్చి పడుతుంది. అతను దాన్నే కొడతాడు, ‘తప్పు ఓటీపీ’ అంటాం. రెండుసార్లు ఇలా జరిగితే మూడోసారి ప్రయత్నించేదెవరు? గడువు 10 నిమిషాలు పెట్టి, ఆలోగా ఎన్నిసార్లు అడిగినా అదే కోడ్ పంపండి. బటన్‌ను 30 సెకన్ల తర్వాతే చూపండి. తప్పు కోడ్‌కు ఐదు అవకాశాలు చాలు.

ఎస్సెమ్మెస్ అసలే చేరకపోతే డీఎల్‌టీ టెంప్లేట్ (టెలికాం ఆపరేటర్ల దగ్గర ముందే నమోదు చేసే ఎస్సెమ్మెస్ నమూనా) చూడండి. నమోదు చేసిన సందేశంలో మారే భాగం తప్ప మిగతాది ఎక్కడ తేడా వచ్చినా ఆపరేటర్ ఆపేయొచ్చు. మనం ఎస్సెమ్మెస్‌లు పంపే ప్యానెల్‌లో ‘పంపాం’ అని కనిపించినంత మాత్రాన చేరినట్టు కాదు, డెలివరీ రిపోర్టే చూడాలి.

ఇన్‌స్టాగ్రామ్ లింకు నుంచి వచ్చేవాళ్లకు గూగుల్ లాగిన్ బటన్ ఒక్కటే పెడితే చిక్కే. యాప్ లోపలి బ్రౌజర్లలో గూగుల్ దాన్ని అనుమతించదు. పక్కనే మొబైల్ నంబరు దారి ఉంచండి.

ఈ వారం పని: జియో, ఎయిర్‌టెల్, వీఐ, బీఎస్ఎన్ఎల్ సిమ్‌లతో ఒక్కోసారి రిజిస్టర్ అయి, ఓటీపీ ఎన్ని సెకన్లకు వచ్చిందో రాయండి. ఆ కాగితం, పై నాలుగు లెక్కలు దగ్గరుంచుకోండి. 5వ పాఠం వాటితోనే మొదలవుతుంది.