ఫ్రిస్కోలో హైస్కూల్ వెతుకుతున్నారా? రేటింగ్ పక్కన పెట్టి ఇవి చూడండి

డాలస్ వైపు ఇల్లు చూసుకునే మనవాళ్లు ముందు అడిగేది ఫ్రిస్కోలో ఏ హైస్కూల్ మంచిది అనే. ఒకే స్కూల్ డిస్ట్రిక్ట్‌లో (అంటే ఆ ప్రాంతంలోని ప్రభుత్వ స్కూళ్లని నడిపే సంస్థ, మన జిల్లా కాదు) టీచర్ల జీతాల స్కేలు ఒకటే, కోర్సుల కేటలాగ్ ఒకటే, వృత్తి కోర్సులు నేర్పే సీటీఈ సెంటర్ కూడా అన్ని హైస్కూళ్లకూ ఉమ్మడే. అందుకే ఇళ్ల సైట్లలో పదికి తొమ్మిది, పదికి ఎనిమిది అని కనిపించే తేడా చాలావరకు ఆ చుట్టుపక్కల కుటుంబాల చదువుదీ సంపాదనదీ అని నా అభిప్రాయం.

ముందు అడ్రస్ సంగతి తేల్చుకోండి. ఊరు ఫ్రిస్కోనే అయినా కొన్ని భాగాలు ప్రాస్పర్, లిటిల్ ఎల్మ్, లూయిస్‌విల్ డిస్ట్రిక్టుల కిందకి వస్తాయి, కాబట్టి జిప్ కోడ్ నమ్మకుండా ఇంటి నంబరుతో సహా డిస్ట్రిక్ట్ సైట్‌లో కొట్టి చూడండి.

టెక్సస్ ఎడ్యుకేషన్ ఏజెన్సీ ప్రతి స్కూలుకూ ఏ నుంచి ఎఫ్ దాకా గ్రేడ్ ఇస్తుంది. ఆ అక్షరం దగ్గర ఆగిపోకండి. లోపల అచీవ్‌మెంట్, ప్రోగ్రెస్ అని విడివిడిగా ఉంటాయి, రెండింటిలో ఏది ఎక్కువైతే దానికే 70 శాతం వెయిటేజీ. నన్నడిగితే ప్రోగ్రెస్సే చూడాలి, పిల్లలు వచ్చాక స్కూలు ఏం చేసిందో కాస్తయినా తెలిసేది అక్కడే. టీఏపీఆర్ అనే రిపోర్టులో కాలేజీ అడ్మిషన్లకి రాసే ఎస్ఏటీ పరీక్ష సగటు, ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, హైస్కూల్లోనే చదివే కాలేజీ స్థాయి కోర్సులు) పరీక్షలు, టీచర్ల అనుభవం ఉంటాయి; రెండు స్కూళ్లవీ ఒకే ఏడాదివి తీసి పక్కపక్కన పెట్టుకోండి.

అసలు కథ ర్యాంకుది. 1997 నాటి చట్టం ప్రకారం టెక్సస్‌లో క్లాసులో (సెక్షన్ కాదు, ఆ స్కూల్లో ఆ ఏడాది బ్యాచ్ మొత్తంలో) టాప్ 10 శాతంలో ఉన్న పిల్లలకి రాష్ట్ర యూనివర్సిటీల్లో నేరుగా అడ్మిషన్. యూటీ ఆస్టిన్‌కి (ఆస్టిన్‌లోని యూనివర్సిటీ ఆఫ్ టెక్సస్) మాత్రం ఆ హద్దు ఇంకా తక్కువ, 2026 ఫాల్ నుంచి 6 శాతం కాస్తా 5 అయింది. ర్యాంకు లెక్కేసేది ఆ స్కూలు వరకే. క్లాసులో 500 మంది ఉంటే 25 మంది, అంతే. అందరూ ఎగబడే స్కూల్లో మీవాడు నలభయ్యో ర్యాంకు తెచ్చుకుంటే అక్కడ గీత దాటిపోయినట్టే, అవే మార్కులతో పోటీ తక్కువున్న పక్క స్కూల్లో లోపలే ఉండొచ్చు. పైగా సీటొచ్చినా కంప్యూటర్ సైన్స్ ఇస్తారని గ్యారంటీ లేదు, మేజర్ సంగతి వేరే చూస్తారు. యూటీ మీద ఆశ లేనివాళ్లు ఈ టెన్షన్ పెట్టుకోనక్కర్లేదు.

కేటలాగ్‌లో ఉన్న కోర్సు ప్రతి స్కూల్లోనూ నడవదు, తగినంత మంది చేరితేనే సెక్షన్ పెడతారు. కౌన్సిలర్‌ని "ఏపీ ఫిజిక్స్ సీ ఉందా?" అని కాకుండా "పోయిన ఏడాది నడిచిందా, ఎన్ని సెక్షన్లు?" అని అడగండి.

చివరగా, ఏ ఇల్లు ఏ స్కూలు కిందకి వస్తుందో చెప్పే హద్దులు మారుతుంటాయి. 2022లో పాంథర్ క్రీక్ తెరిచినట్టు కొత్త స్కూలొస్తే గీతలన్నీ మళ్లీ గీస్తారు. మీవాడు ఇంకా ఆరో తరగతిలోనే ఉంటే ఒక్క హైస్కూల్ కోసమని లక్ష డాలర్లు ఎక్కువ పోసి ఇల్లు కొనకండి, ముందు స్కూల్ బోర్డు మీటింగుల అజెండాలో జోనింగ్ మాట ఉందేమో చూసుకోండి.