ఇంటిపేరు పట్టుకుని పాత ఊరికి పోవడం ఎలా

చంద్రగిరిలో ముప్పయ్యేళ్లు దస్తావేజులు రాసినవాణ్ణి. తమ పూర్వీకులెవరో తెలుసుకోవాలని వచ్చేవాళ్లు ముందుగా ఇంటిపేరు చెబుతారు. నేను మాత్రం "మీ గోత్రమేది, ఇలవేల్పు ఏ ఊళ్లో ఉంది?" అని అడుగుతాను.

మా ఇంటిపేరు గుర్రంకొండ. గుర్రంకొండలో కాపురముండేవాణ్ణి గుర్రంకొండవాడని ఎవరంటారు? పొలిమేర దాటాకే ఆ పేరు అంటుకుంటుంది. అంటే ఊరిపేరే ఇంటిపేరైతే, అది మీవాళ్లు ఒకప్పుడు వదిలొచ్చిన ఊరు అయ్యుండొచ్చు. కానీ ఆ ఊరు వదిలినవాళ్లు అన్ని కులాల్లోనూ ఉంటారు. ఇది తెలియని రోజుల్లో, పాకాలలో మా ఇంటిపేరే ఉన్న పెద్దాయన ఇంటికి లడ్డూలు పట్టుకెళ్లి "పెదనాయనా" అని కాళ్లకు దండం పెట్టాను. గోత్రం కలవలేదు, ఇలవేల్పు కలవలేదు. ఆయన నవ్వి కాఫీ ఇప్పించాడు. ఇంటిపేరు, గోత్రం, ఇలవేల్పు మూడూ కలిస్తేనే చుట్టరికం గురించి ఆలోచించండి.

తద్దినం పెట్టే ఇల్లయితే తండ్రి, తాత, ముత్తాత పేర్లు అయ్యవారి నోటనే వస్తాయి. రాసుకోండి. అక్కడి నుంచి కాగితాల్లోకి దిగాలి.

నాకు తెలిసినంతలో, ఆస్తి పంచుకున్నప్పుడు రాసుకునే భాగపరిష్కార పత్రాన్ని మించిన వంశవృక్షం లేదు. "చంద్రగిరి తాలూకా ఫలానా గ్రామ కాపురస్థుడు, లేటు మునిస్వామి కుమారుడు చెంగల్రాయుడు" అని మొదలవుతుంది, అన్నదమ్ములందరూ వరసగా ఉంటారు. కంప్యూటర్లో ఈసీ, అంటే ఒక ఆస్తి మీద రిజిస్టరైన పత్రాల జాబితా, 1983 నుంచి దొరుకుతుంది. అంతకు ముందువి కావాలంటే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో పాత ఇండెక్సులు వెతికించాలి. ఒకటో ఇండెక్సు మనుషుల పేర్ల మీద, రెండోది ఆస్తి మీద ఉంటుంది. సర్వే నంబరు తెలిస్తే రెండోదానితో మొదలుపెట్టండి. పేర్లు మోసం చేస్తాయి.

ఎందుకంటే మనవడికి తాత పేరు పెడతారు. మునిస్వామి కొడుకు చెంగల్రాయుడు, అతని కొడుకు మళ్లీ మునిస్వామి. నేను ఇలాంటి ఇద్దరిని ఒక్కడిగా లెక్కేసి మా వంశంలో ఒక తరాన్నే మింగేశాను. రెండేళ్లు ఆ తప్పు మీదే నడిచాను. పేరు పక్కన తండ్రి పేరు, పత్రం తేదీ లేకుండా ఏదీ రాసుకోవద్దు.

ఇంకో చిక్కుంది. అదే సర్వే నంబరు, అమ్మకం లేదు, కానీ తర్వాతి తరంలో ఇంటిపేరు మారిపోయింది. టెన్షన్ పడొద్దు, ఇల్లరికమేమో చూడండి. మన చిత్తూరు ప్రాంతంలో ఇది మామూలే. మగపిల్లలు లేని ఇంట్లో అల్లుణ్ణి తెచ్చుకుంటే పొలం ఇక్కడే ఉంటుంది, ఇంటిపేరు అల్లుడిది వస్తుంది. దత్తతలో మాత్రం ఇంటిపేరు పెంచుకున్నవాళ్లది.

పాత పత్రంలో జిల్లా పేరు చూసి కంగారుపడకండి. చిత్తూరు జిల్లా పుట్టిందే 1911లో. అంతకుముందు చంద్రగిరి ఉత్తర ఆర్కాటులో, గుర్రంకొండ ఉన్న వాయల్పాడు తాలూకా కడప జిల్లాలో ఉండేవి. మావాళ్లు నడిచింది కొద్ది దూరమే, కాగితాల్లో మాత్రం జిల్లా దాటారు. చిత్తూరు జిల్లాలో ఉన్న తిరుత్తణి 1960లో మద్రాసు రాష్ట్రానికి పోయింది. 2022లో జిల్లాలు మళ్లీ ముక్కలయ్యాయి. పత్రం తేదీ నాటికి ఆ ఊరు ఏ జిల్లాలో ఉందో అక్కడే వెతకాలి.

ఒప్పంద కూలీలుగా సముద్రం దాటినవాళ్లకు ఓడల జాబితాలున్నాయి. మద్రాసు నుంచి బయల్దేరిన ట్రూరో అనే ఓడ 1860 నవంబరు 16న దక్షిణాఫ్రికాలోని డర్బన్ చేరింది. మధ్యలో కొన్నేళ్లు ఆగినా, 1911 దాకా అలా ఓడలు వెళ్లాయి. ఆ జాబితాల్లో తండ్రి పేరు, ఊరు, తాలూకా, జిల్లా ఉంటాయి. ఊళ్ల పేర్లు తెల్లవాళ్ల చెవికి ఎలా వినబడితే అలా రాసినవి, కళ్లతో చదివితే దొరకవు. ఆ తాలూకా ముసలివాళ్ల ముందు గట్టిగా చదవండి, వాళ్లే సరిచేస్తారు.

ఇక ఆడవాళ్లు. దస్తావేజుల్లో ఆమె ఫలానావాడి భార్య, అంతే. పుట్టినిల్లు రాయరు. అది ఇంట్లోని పెద్ద ఆడవాళ్లకే తెలుసు. దామలచెరువులో ఉన్న మా మేనత్త ముందు ఫోను రికార్డింగు పెడితే నోరు విప్పలేదు. ఆవకాయకు కాయలు కొడుతుంటే పక్కన కూర్చున్నాను. ఏ ఆడపిల్లను ఏ ఊరికిచ్చారో ఏడిళ్ల సంగతి ఒక్క గంప కాయలు కొట్టడం అయ్యేలోపు చెప్పింది. ముక్కల్లోంచి జీళ్లు తీసే పని మీరు అందుకోండి, రాసుకోవడం ఇంటికొచ్చాక చూసుకోవచ్చు.