పీహెచ్‌డీ మెయిల్లో చేతిపని రాయండి

ఈ సంక్రాంతికి భీమవరం దగ్గర మా పిన్ని వాళ్ళ ఊరు వెళ్ళాను. వరసకు తమ్ముడయ్యే అబ్బాయి జర్మనీలో ఫిజిక్స్ మాస్టర్స్ ముగించి వచ్చాడు. పీహెచ్‌డీ కోసం 70 మంది ప్రొఫెసర్లకు మెయిల్ పెట్టాడట. ఇద్దరే జవాబిచ్చారు, ఇద్దరూ లేదనే. మెయిల్ చూపించమన్నాను. "మీ పరిశోధన నన్నెంతో ఆకట్టుకుంది" అని మొదలుపెట్టాడు. ఏ పరిశోధనో ఒక్క ముక్క లేదు. అక్కడికి వెళ్ళిన కొత్తలో నేనూ అందరికీ ఒకటే మెయిల్ పంపాను. ఒకరికి రాసినదాంట్లో ఇంకొకరి పేరు వదిలేశాను. ఆ చలికాలమంతా ఇంటికి ఫోన్ చేసి "బాగానే ఉందమ్మా" అనడమే.

అక్కడ ప్రయోగ ఫిజిక్స్‌లో పీహెచ్‌డీ చాలావరకు ఉద్యోగమే. ఎక్కువగా టీవీ-ఎల్ 13 అనే ప్రభుత్వ జీతాల స్కేలులో సగం జీతానికో, ముప్పాతికకో కాంట్రాక్టు ఇస్తారు. ఎంట్రన్సు, కౌన్సెలింగ్ లాంటివి చూసుకుని కూర్చోకండి. ప్రాజెక్టుకు డబ్బు వచ్చినప్పుడు ఏ నెలలోనైనా ఖాళీ పడుతుంది. హాంబర్గ్‌లోని డేజీ, డార్మ్‌స్టాట్‌లోని జీఎస్ఐ, మాక్స్ ప్లాంక్ లాంటి పరిశోధన సంస్థల ప్రకటనలు వారం వారం చూడండి. జెనీవా దగ్గరి కణ భౌతిక ప్రయోగశాల సెర్న్‌లో పనిచేసినా డాక్టరేట్ ఇచ్చేది యూనివర్సిటీయే, కాబట్టి గైడ్‌ను యూనివర్సిటీలోనే వెతకండి.

నా బాధంతా ఆ మెయిల్ గురించే. "నాకు అనుభవం ఏముందన్నయ్యా" అన్నాడు వాడు. అప్పుడు రొయ్యల చెరువు గట్టు మీద, నీళ్ళకు గాలి పట్టించే ఏరియేటర్ గేర్‌బాక్స్ విప్పుతున్నాడు, చేతుల నిండా గ్రీజు! నీళ్ళలో ఆక్సిజన్ కొలిచే డీవో మీటరు తప్పు చూపిస్తే కాలిబ్రేట్ చేసేదీ వాడే. రొయ్యల చెరువులో తెల్లవారుజామున ఆక్సిజన్ బాగా పడిపోతుంది. మీటరు అబద్ధం చెప్పిందంటే పంట పోయినట్టే. కొలతను ఊరికే నమ్మకూడదని అంత బాగా తెలిసినవాడు ఆ సంగతి రాయడానికి సిగ్గుపడ్డాడు. ఎందుకురా సిగ్గు? అర్ధరాత్రి ప్రయోగ పరికరంలో వాక్యూమ్ పోతే లీకు ఎక్కడుందో వెతికే మనిషే కదా ల్యాబ్‌కు కావాలి!

ఆ గ్రూపు ఈమధ్య వేసిన పేపరొకటి చదవండి, ముఖ్యంగా ప్రయోగం ఎలా చేశారో చెప్పే భాగం. అందులో మీకు నిజంగా వచ్చిన సందేహం ఒకటి అడగండి. థీసిస్‌లో మీరు సొంతంగా ఏం అమర్చారో, ఏది పాడైతే ఎలా బాగుచేశారో, కొలతల్లో నాయిస్ ఎంత తగ్గించారో అంకెలతో రాయండి. పేజీ దాటనివ్వకండి. రోజుకు ఒక్క మెయిల్ చాలు. ఇంటర్వ్యూకు పిలిస్తే ల్యాబ్‌లో ఉన్న విద్యార్థులతో విడిగా మాట్లాడండి. ఎన్నేళ్ళు పడుతోందో, కాంట్రాక్టు పొడిగిస్తున్నారో లేదో వాళ్ళే చెబుతారు.

సరే, ఇదీ చెప్పాలి. జవాబు రాలేదంటే మీరు పనికిరారని కాదు. చాలాసార్లు వాళ్ళ దగ్గర డబ్బు ఉండదు, అంతే. జర్మనీలో చదువు ముగించినవాళ్ళకు పని వెతుక్కోవడానికి 18 నెలల దాకా పర్మిట్ ఇస్తారు. టెన్షన్ పడకండి. నాకు పదకొండో నెలలో దొరికింది.

నిన్న వాడు కొత్త మెయిల్ చూపించాడు. రెండో పేరాలో డీవో మీటరు ఉంది. ఇంకా పొడుగ్గానే ఉంది, నాలుగు లైన్లు తీసెయ్యమన్నాను.